బరువు లేని పట్టెడ

పది నెలలకే జిగ్గర్ మా గుమ్మానికి అడ్డం.
ముందుకాళ్లెత్తి నిలబడితే
నా భుజాల మీద దాని పంజాలు, ముఖం నిండా సొంగ.
"అమ్మా, దీనికి పట్టెడ కడదాం" అన్నాడు జాబెజ్.
"చూడు, ఎంతుందో!"

ఎంతుందో నాకూ కనిపిస్తూనే ఉంది.
పొయ్యి పక్కన కట్టెలు ఎన్నున్నాయో కూడా.

ఆ ఏడు జనవరి మొదట్లోనే
న్యూఫౌండ్‌లాండ్ ఉత్తర తీరమంతా గడ్డకట్టింది.
మా ఆయన తుంటి విరిగి మంచంలో.
నరికి పేర్చిన స్ప్రూస్ దుంగలు
కొండ వెనక, రెండు మైళ్ల అవతల.
స్లెడ్జి ఉంది. తాడుంది. తొంభై పౌన్ల కుక్క ఉంది.
లేనిదల్లా నా నోట సరే అన్న మాట.

అజరయా మామ వచ్చాడు, గుమ్మంలో మంచు విదిలించుకుంటూ.
కుక్కను చూడలేదు, తడిమాడు.
మణికట్టు పైన, బొచ్చులోకి బొటనవేలు దూర్చి
ఒక బుడిపె దగ్గర ఆగాడు.
"నువ్వూ పట్టుకో."
పట్టుకున్నాను. కోటు గుండీ అంత, వెచ్చగా.
"ఇక్కడ ఎముక ఇంకా ఎముక కాలేదు.
పాల మీద మీగడ, అంతే.
బరువు కట్టావనుకో, ఇవాళ లాగుతుంది. రేపూ లాగుతుంది.
అదే దీంతో చిక్కు.
లాగనని అనదు."

మామకు ఒక కుక్క ఉండేది, నాకు గుర్తే.
నాలుగేళ్లకే మెట్లెక్కలేక
కింద నిలబడి మోరెత్తి చూసేది.
దాన్ని ఏ నెలలో బండికి కట్టాడో నేనెప్పుడూ అడగలేదు.
ఆ రోజూ అడగలేదు.
ఆయన బొటనవేలు మాత్రం
చాలాసేపు ఆ బుడిపె మీదే ఉండిపోయింది.

"మరి ఎప్పుడు?"
"రెండో చలికాలం రానీ. ఇది చదునవనీ.
ఈలోపు పట్టెడతో నడవడం నేర్పు.
ఆగమంటే ఆగడం. కుడీ, ఎడమా.
వెనకాల చప్పుడైతే బెదరకపోవడం.
చదువు చెప్పు, చాకిరీ చెప్పకు."

తాడు నా భుజానికే వేసుకున్నాను.
వెనక నుంచి జాబెజ్ తోపుడు.
పక్కన జిగ్గర్,
చిరిగిన తెరచాప గుడ్డతో కుట్టిన పట్టెడలో, దొరలా,
తోక వెనకాల ఒకే ఒక్క పుల్లను
గలగలా ఈడ్చుకుంటూ.
మొదటిరోజు ఆ పుల్లకే జడిసి మంచులో పల్టీ కొట్టింది.
వారానికి మరిచిపోయింది.

ఊరు నవ్వింది.
"కుక్కను ఊరేగిస్తున్నావా, సెలీనా?"
మొక్కగా ఉన్నప్పుడే వంచాలి అన్నారు కొందరు.
వంచినవాళ్లెవరూ
ఆ మాను వంకర మోయరు కదా.

మార్చిలో స్కిప్పర్ ఎలయకిమ్ వచ్చాడు.
వేసవి చేపల వేటకు పడవలో ఒక కుర్రాడు కావాలి,
ఉప్పు మొయ్యడానికి, కాడ్ చేపలు కోసివ్వడానికి.
ముందస్తుగా పీపాడు పిండి, జాడీ బెల్లప్పాకం.
జాబెజ్‌ని ఎగాదిగా చూశాడు.
"పన్నెండేళ్లేనా? చూడు, ఎంతున్నాడో!"

చొక్కా చేతులు పొట్టివై
వాడి మణికట్లు బయటికి పొడుచుకొచ్చాయి.
"వెళ్తానమ్మా" అన్నాడు, నేనడక్కముందే.
వాడూ లాగనని అనడు.

టీ పోశాను. చెయ్యి వణికి సాసరులో ఒలికింది.
"రెండేళ్లాగు, స్కిప్పర్."
"నేనాగుతాను తల్లీ" అన్నాడు, మంచివాడే,
"పిండి ఆగుతుందా?"

ఆగలేదు.
ఏప్రిలంతా ఉప్పుచేప తలకాయల పులుసు.
మా ఆయన గోడవైపు తిరిగి తినేవాడు.
జాబెజ్ నాతో పదిరోజులు మాట్లాడలేదు,
కుక్కతో మాత్రం అన్నీ చెప్పుకున్నాడు.

మరుసటి ఏడు మంచు గట్టిపడ్డాక
మామ వేలు మళ్లీ బొచ్చులో వెతికింది.
దొరకలేదు. తలూపాడు.
అయినా పది దుంగలే పేర్చాను, చదును దారిలో.
పగ్గం జాబెజ్ చేతిలో.

జిగ్గర్ నాలుగడుగులు వేసింది,
ఆగింది,
వెనక్కి తిరిగి నన్నే చూసింది,
ఈవిడెందుకు లాగడం లేదా అని.